86 మైళ్ల వేగం, వర్జీనియా సమన్లు

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది న్యూజెర్సీలోని ఎడిసన్. హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేస్తున్నాను. ఇద్దరు మిత్రులతో కలిసి మోటార్ సైకిళ్ల మీద వర్జీనియాలోని స్కైలైన్ డ్రైవ్ చూసి తిరిగి వస్తుండగా ఐ-81 రహదారి మీద స్టేట్ పోలీసు నన్నొక్కడినే ఆపారు. అక్కడ పరిమితి 70 మైళ్లు. రాడార్‌లో 86 వచ్చిందని సమన్లు రాసి సంతకం చేయించుకున్నారు. నా స్పీడోమీటర్ మాత్రం 80 దగ్గరే ఉంది. ఈ మధ్యే చైన్, స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) మార్పించాను. జరిమానా ఆన్‌లైన్‌లో కడదామంటే ఆ వీలు రావడం లేదు. వేరే రాష్ట్రం టికెట్ కదా, పట్టించుకోవద్దని ఒక మిత్రుడు అంటున్నాడు. డిసెంబరులో చెల్లెలి పెళ్లికి వెళ్లాలి, హైదరాబాద్‌లో వీసా స్టాంపింగ్ కూడా ఉంది. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ముందు ఆ సమన్ల కాగితం తీసి, చట్టం సెక్షన్ రాసే చోట ఏ అంకె ఉందో చూడండి. 46.2-870 అయితే మామూలు వేగం టికెట్. డబ్బు కడితే అయిపోతుంది. 46.2-862 అయితే అది రెక్‌లెస్ డ్రైవింగ్ (నిర్లక్ష్యంగా బండి నడపడం), అంటే క్రిమినల్ కేసు. ఆన్‌లైన్‌లో కట్టే వీలు రావడం లేదంటున్నారు కాబట్టి మీది రెండోదే అయి ఉండాలి.

పరిమితికి 16 మైళ్లు మించితేనే క్రిమినల్ కేసా అని మీకు అనిపిస్తుంది. వర్జీనియాలో పరిమితికి 20 మైళ్లు మించినా, పరిమితి ఎంతున్నా సరే 85 దాటినా రెక్‌లెస్ డ్రైవింగే. 2020 జూలైకి ముందు ఆ గీత 80 దగ్గరే ఉండేది. న్యూజెర్సీ నుంచి వచ్చే మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. కోర్టు మెట్లెక్కాక తెలుసుకుని తెల్లబోయేవారిని చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఈ నేరానికి చట్టంలో గరిష్ఠ శిక్ష 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా. భయపడకండి, మొదటిసారి, అదీ 86 వేగానికి జైలుకు పంపడం సాధారణంగా జరగదు. కానీ నేరం రుజువైతే అది క్రిమినల్ రికార్డులోకి ఎక్కుతుంది. వీసా మీద ఉన్నవారికి జరిమానా కంటే బరువైనది అదే.

మీ మిత్రుడి మాట మాత్రం వినకండి. ట్రాఫిక్ కేసుల సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందాలు డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్, నాన్‌రెసిడెంట్ వయొలేటర్ కాంపాక్ట్. వర్జీనియా, న్యూజెర్సీ ఆ రెండింటిలోనూ ఉన్న రాష్ట్రాలే. శిక్ష పడితే ఆ సమాచారం మీ రాష్ట్రానికి చేరుతుంది. బయటి రాష్ట్రంలో జరిగిన డ్రైవింగ్ ఉల్లంఘనకు న్యూజెర్సీ మీ లైసెన్సు రికార్డులో రెండు తప్పు పాయింట్లు వేస్తుంది. అసలు హాజరే కాకపోతే మీరు లేకుండానే విచారణ ముగించవచ్చు, లేదా వారంట్ జారీ కావచ్చు. వారంట్ పెండింగులో పెట్టుకుని ఊరెళితే పెళ్లి నుంచి తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయంలోనే ఇబ్బంది ఎదురుకావచ్చు. అన్నట్టు, మీరు పెట్టిన సంతకం తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకు వస్తానని మాట ఇచ్చినట్టు. దాని గురించి దిగులు వద్దు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట స్ప్రాకెట్లది. నేనూ మోటార్ సైకిల్ నడుపుతాను, అందుకే ఇక్కడ కాస్త నిలబడి చెబుతాను. చాలా బండ్లలో స్పీడోమీటర్ వేగాన్ని తీసుకునేది చక్రం నుంచి కాదు, గేర్‌బాక్స్ నుంచి. ముందు స్ప్రాకెట్ 15 పళ్లది తీసి 16 పళ్లది వేస్తే, గేర్‌బాక్స్ అంతే తిరిగినా వెనక చక్రం దాదాపు ఏడు శాతం ఎక్కువ తిరుగుతుంది. మీటరులో 80 కనిపిస్తున్నప్పుడు అసలు వేగం 85 దాటి ఉంటుంది. మెకానిక్ ఇచ్చిన బిల్లు వెతికి పళ్ల సంఖ్య చూడండి. పాత లెక్కే ఉంటే ఈ వాదన అక్కడితో ఆగిపోతుంది. మారి ఉంటే మళ్లీ ఏమీ మార్చకముందే, బండి ఇప్పుడున్న స్థితిలోనే స్పీడోమీటర్ పరీక్ష చేయించి, ధ్రువపత్రం తీసుకోండి. ఆ పరీక్ష ఫలితాన్ని నేర నిర్ధారణలోనూ శిక్షలోనూ పరిగణనలోకి తీసుకోవాలని వర్జీనియా చట్టంలోనే ఉంది. దానితో కేసు కొట్టేస్తారని హామీ ఇవ్వలేను. కానీ గీతకు ఒక్క మైలు పైన ఉన్న మీకు అది గట్టి ఆధారం.

మిత్రులను సాక్ష్యానికి పిలవాలనుకుంటే ఆగండి. "మేమూ పక్కనే అంతే వేగంతో వస్తున్నాం" అని వారు చెబితే తమ మెడకు తామే చుట్టుకున్నట్టవుతుంది. హెల్మెట్ కెమెరాలో వీడియో ఉంటే ఎక్కడా పెట్టవద్దు, చెరిపేయనూ వద్దు. మీ లాయరుకు చూపించండి.

లాయరు తప్పనిసరిగా కావాలి, అదీ ఆ కౌంటీ కోర్టులో రోజూ వాదించేవారు. చాలా కేసుల్లో మీ తరఫున లాయరే హాజరై ముగించే వీలుంటుంది. మీ కోర్టులో అది కుదురుతుందో లేదో ముందే అడగండి. న్యూజెర్సీ నుంచి మీ డ్రైవింగ్ రికార్డు తెప్పించండి. వర్జీనియా గుర్తించిన ఎనిమిది గంటల డ్రైవర్ ఇంప్రూవ్‌మెంట్ క్లాసు, ఎవరూ చెప్పకముందే, వాయిదాకు ముందే పూర్తి చేయండి. మచ్చలేని రికార్డు, క్లాసు సర్టిఫికెట్, స్పీడోమీటర్ పరీక్ష కాగితం చేతిలో ఉంటే, అభియోగాన్ని మామూలు వేగం టికెట్‌కో, ఇంప్రాపర్ డ్రైవింగ్‌కో తగ్గించమని అడగడానికి మీ లాయరుకు దారి దొరుకుతుంది. ఇంప్రాపర్ డ్రైవింగ్‌కు జరిమానా 500 డాలర్లు మించదు, అది క్రిమినల్ నేరమూ కాదు. ఒకవేళ తీర్పు ఎదురు తిరిగితే పది రోజుల్లో పై కోర్టయిన సర్క్యూట్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ విచారణ మొదటి నుంచి మళ్లీ జరుగుతుంది.

వీసా దరఖాస్తులో మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, నేరం రుజువైందా అని అడుగుతారు. అక్కడ ఒక్క అక్షరం దాచకండి. నేరం ఒప్పుకునే ముందే ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడండి. వాయిదా డిసెంబరుకు దగ్గరగా పడితే, ఇంకా ముందు తేదీకి మార్పించమని లాయరును ఇప్పుడే అడగండి. కేసు ముగిసిన రోజే కోర్టు గుమస్తా దగ్గర తీర్పు ధ్రువీకరించిన నకళ్లు రెండు తీసుకుని, ఒకటి పాస్‌పోర్టుతో పాటు హైదరాబాద్ తీసుకువెళ్లండి.