ఆడ ఊసరవెల్లిని పెంచేటప్పుడు

చి. లహరికి,
ఆశీస్సులు.

నువ్వు పంపిన నీ ఊసరవెల్లి ఫొటోలు జాగ్రత్తగా చూశాను. వెనక కాళ్ల మడమల దగ్గర బుడిపెలు లేవు. షాపువాళ్లు మగదని చెప్పినా అది ఆడదే. యెమెన్, సౌదీ ప్రాంతపు వెయిల్డ్ జాతిలో మగపిల్లకి ఆ బుడిపె గుడ్డులోంచి వచ్చేటప్పుడే ఉంటుంది. ఆడదని తెలిశాక తిండి, వేడి, పంజరంలో సామాను అన్నీ మార్చాలి. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

ముందు ఆ గాజు తొట్టి తీసెయ్. నాలుగువైపులా జాలీ ఉన్న పంజరం, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు ఉన్నది తీసుకో. నేలమీద పెట్టకు, బల్లమీద పెట్టు. నీ తలకన్నా ఎత్తులో కూర్చుంటేనే దానికి భయం తగ్గుతుంది. లోపల మనీ ప్లాంటు, మందార లాంటి నిజమైన మొక్కలు పెట్టు, ప్లాస్టిక్ ఆకులు వద్దు. ఈ జాతి ఆకులు కొరికి తింటుంది కాబట్టి నర్సరీ మొక్కల ఆకుల్ని రెండువైపులా కడిగి, కుండీ మట్టి మార్చి మరీ పెట్టు. పంజరం అడుగున చెక్కపొట్టు, బెరడు ముక్కలు ఏవీ పరచకు. పురుగుతో పాటు నాలుకకి అంటుకుని కడుపులోకి పోయి పేగుకి అడ్డం పడతాయి.

లైట్ల దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. వేడికి ఒక మామూలు బల్బు, యూవీబీకి, అంటే ఎండలో ఉండే కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలకి, ఒక పొడుగు ట్యూబు, రెండూ వేరువేరుగా కావాలి. ట్యూబు టీ5 హెచ్‌ఓ (సన్నగా ఉండి ఎక్కువ కాంతినిచ్చే) రకం, డబ్బామీద ఆర్కేడియా 6 శాతం అని గానీ రెప్టీసన్ 5.0 అని గానీ ఉన్నది కొను. మెలికలు తిరిగిన చిన్న యూవీ బల్బు చాలదు. ట్యూబు జాలీ మీద పెట్టి, కూర్చునే పైకొమ్మని దాని కింద ఎనిమిది తొమ్మిది అంగుళాల దూరంలో కట్టు. గాజు, ప్లాస్టిక్ అడ్డం ఉంటే యూవీబీ దాటదు కాబట్టి కిటికీ ఎండ లెక్కలోకి రాదు. ఏడాదికోసారి ట్యూబు మార్చు. అప్పటికీ వెలుగుతూనే ఉంటుంది, కానీ అందులో యూవీబీ తగ్గిపోయి ఉంటుంది. యూవీబీ తగిలితేనే చర్మంలో విటమిన్ డీ3 తయారవుతుంది, డీ3 ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. లేకపోతే ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. అప్పుడు ముంజేతులు వంగుతాయి, కొమ్మమీద పట్టు జారుతుంది, చాపిన నాలుక వెనక్కి రాదు. వంగిన ఎముక మళ్లీ తిన్నగా కాదు, తల్లీ.

ఆడదానికి కొమ్మ దగ్గర వేడి 80 డిగ్రీల ఫారన్‌హీట్ చాలు. థర్మామీటరు మొనని దాని తలమీది కిరీటం ఎత్తులో పెట్టి కొలువు, ఎందుకంటే ముందు కాలేది అక్కడే. రాత్రి అన్ని లైట్లూ ఆర్పెయ్, ఎర్రబల్బు కూడా వద్దు. 65 దాకా చల్లబడితే దానికి మంచిదే.

గిన్నెలో నిలవున్న నీళ్లని అది మామూలుగా పట్టించుకోదు. ఆకులమీద చుక్కలు మెరిస్తే వచ్చి నాకుతుంది. పొద్దున లైటు వేసే ముందు రెండు నిమిషాలు, రాత్రి ఆర్పాక రెండు నిమిషాలు సన్నటి తుంపర కొట్టు. మధ్యాహ్నం ఆకులమీద చుక్కచుక్కగా నీళ్లు కారే సీసా ఒకటి పావుగంట పెట్టు. మధ్యలో పంజరం పూర్తిగా ఆరాలి. పగలంతా తడిగా, వేడిగా ఉంచితే ఊపిరితిత్తులకి చీము పట్టి, నోరు తెరిచి, తల పైకెత్తి శ్వాస లాగుతుంది. నీళ్లు చాలుతున్నాయో లేదో రెట్ట చెబుతుంది. రెట్టలో తెల్లభాగం తెల్లగా ఉండాలి. చివర కాస్త పసుపుంటే ఫరవాలేదు, మొత్తం నారింజరంగైతే నీళ్లు తక్కువైనట్టే.

తిండికి కీచురాళ్లు, డూబియా బొద్దింకలు, అప్పుడప్పుడు పట్టుపురుగులు. దాని రెండు కళ్ల మధ్య వెడల్పుని మించిన పురుగు వెయ్యకు. షాపు నుంచి తెచ్చిన కీచురాయి ఖాళీ కడుపుతో ఉంటుంది. దానికి ఒక రోజంతా ఆవాకు, క్యారెట్, చిలగడదుంప పెట్టి అప్పుడు వెయ్. మన దుకాణాల్లో దొరికే మునగాకు పొడి కూడా బాగా పనికొస్తుంది, కాల్షియం ఎక్కువ. పాలకూర మాత్రం వద్దు. వేసే ప్రతిసారీ డీ3 లేని కాల్షియం పొడి పలచగా అద్దు. డీ3, విటమిన్ ఎ ఉన్న పొడి నెలకి రెండుసార్లే. అది ఎక్కువైతే మెడకింద నీరు దిగి ఉబ్బుతుంది. పెరట్లో పట్టిన పురుగులు వద్దు. ముఖ్యంగా మీ టెక్సాస్ వేసవిలో ఎగిరే మిణుగురులు వద్దు, ఒక్కటి మింగినా ప్రాణం పోవచ్చు.

ఇక అసలు సంగతి. మగది లేకపోయినా ఆడది గుడ్లు పెడుతుంది. ఎంత తింటే అన్ని గుడ్లు. తింటోంది కదా అని ముద్దుగా రోజూ పెడితే ఒక్కో ఈతకి అరవై, డెబ్భై గుడ్లు మోస్తుంది, ఒళ్లు గుల్లవుతుంది, ఒక్కోసారి గుడ్లు బయటికి రాక చచ్చిపోతుంది. నీదానికి ఏడో నెలన్నావు కాబట్టి ఇకనుంచి మూడు పురుగులు, వారానికి మూడు రోజులు. ఆకలిగా చూస్తోందని జాలిపడకు.

ఇప్పుడే ఒక గుడ్ల తొట్టి పెట్టి, ఎప్పటికీ లోపలే ఉంచు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, పక్కలు లోపలికి కనపడనివి. కడిగిన ఇసుక కనీసం ఎనిమిది అంగుళాల లోతు పొయ్యి. వేలితో అడుగుదాకా సొరంగం చేసి చూడు. కూలితే ఇంకాస్త తడుపు, అడుగున నీళ్లూరితే ఎక్కువైనట్టు. ముదురురంగు ఒంటిమీద నీలం, పసుపు చుక్కలు వచ్చి, తిండి మానేసి, నేలమీద తచ్చాడుతోందంటే ఈతకొచ్చినట్టు. అప్పుడు పంజరానికి మూడువైపులా దుప్పటి కట్టి దూరంగా ఉండు. తవ్వేటప్పుడు మనిషి కనపడితే గొయ్యి వదిలేసి గుడ్లు కడుపులోనే ఆపుకుంటుంది. తవ్వడం మానేసి పగటిపూట కళ్లు మూసుకుని నీరసంగా ఉంటే మర్నాటిదాకా చూడకు, అదేరోజు సరీసృపాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఏ సమయంలోనైనా సరే, పగలు కళ్లు మూసుకుందంటే జబ్బు ముదిరిందనే అర్థం.

తోడుగా ఇంకోటి తెద్దామా అన్నావు. వద్దు. ఇంకో ఊసరవెల్లి ఎదురుగా కనపడితే చాలు, తిండి తగ్గుతుంది. ఆ గదిలో అద్దం కూడా తీసెయ్.

అనంతపురంలో తమ్ముడు వేపచెట్టుమీద దొరికినదాన్ని పెంచుతానంటున్నాడట. అది మన దేశపు జాతి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పట్టడం నేరం. ఇవాళే ఆ చెట్టుమీదే వదిలేయమని ఫోన్ చేసి చెప్పు.

ఈ వారంలో తాజా రెట్ట ఒకటి జిప్ సంచిలో పెట్టి డాక్టరుకిచ్చి, కడుపులో పురుగులున్నాయేమో పరీక్ష చేయించు. కొత్త పంజరం కట్టాక లైటు, పైకొమ్మ రెండూ కనపడేలా ఒక ఫొటో, గుడ్ల తొట్టిది ఒక ఫొటో పంపు. చూసి చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న