పళ్లకు పళ్లు తగలనివ్వకు: దవడ బిగుతు గురించి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మడికి ఆశీస్సులు.

పొద్దున లేవగానే దవడ పట్టేస్తోందనీ, ఆవలిస్తే చెవి ముందు టక్కుమంటోందనీ రాశావు. వ్యాయామాలు చెప్పమన్నావు. చెబుతాను గానీ ముందు ఒక స్కేలూ అద్దమూ తెచ్చుకో. కొలవకుండా మొదలుపెడితే తగ్గిందో పెరిగిందో నీకే తెలియదు.

నొప్పి రానంత మేర నోరు తెరిచి, పై ముందుపంటి అంచు నుంచి కింది ముందుపంటి అంచు దాకా కొలువు. స్కేలు కొసన సున్నాకు ముందు ఖాళీ ఉంటుంది, అది కూడా కలుపుకో. పెద్దవాళ్లకు మామూలుగా 40 నుంచి 50 మిల్లీమీటర్లు వస్తుంది. 35 లోపు ఉంటే బిగుతు ఉన్నట్టే. రోజూ ఒకే వేళకు, కాపడానికి ముందే కొలిచి రాసుకో.

ఇక అద్దంలో గడ్డం ఎటు కదులుతుందో చూడు. మొదటి 20, 25 మిల్లీమీటర్లు తెరుచుకునేటప్పుడు దవడ ఎముక తల చెవి ముందున్న కీలు గూట్లో ఉన్నచోటే తిరుగుతుంది. ఆ తర్వాత ముందుకు జారుతుంది. ఎముకకీ గూటికీ మధ్య మెత్త లాంటి పలక ఒకటి ఉంటుంది. అది ముందుకు తప్పుకుని ఉంటే, నోరు తెరిచినప్పుడు ఎముక దాని మీదికి ఎక్కుతూ టక్కుమంటుంది. అప్పుడు గడ్డం కాస్త పక్కకు వెళ్లి మళ్లీ మధ్యకు వస్తుంది. నొప్పి లేని శబ్దానికి వైద్యం అక్కర్లేదు, దాని జోలికి పోకు. చాలామంది శబ్దం ఇంకా ఉందా లేదా అని రోజుకు ఇరవైసార్లు తెరిచి చూసుకుంటారు. అదే కీలును రేపుతుంది.

శబ్దం హఠాత్తుగా ఆగిపోయి, నోరు 25, 30 మించి తెరుచుకోక, గడ్డం ఒక పక్కకే లాక్కుపోతే పలక అడ్డం పడిందని అనుమానించాలి. బలవంతంగా తెరవకు. కీలు సంగతి తెలిసిన దంతవైద్యుడికో ఫిజియోకో ఆ వారమే చూపించుకో. అలా కాకుండా, వేళ్లతో మెల్లగా సాయం చేస్తే ఇంకో నాలుగైదు మిల్లీమీటర్లు సాగుతూ వస్తే అది ఎక్కువగా కండరాల బిగుతే. నువ్వు రాసినదాన్ని బట్టి నీది ఇదే కావచ్చు. రాత్రి తెలియకుండా పళ్లు బిగించేవాళ్లకు పొద్దుటిపూట ఇలాగే ఉంటుంది.

అసలు మందు వ్యాయామం కాదు, దవడను విశ్రాంతిగా ఉంచడం. ‘ల’ అని చూడు. నాలుక కొన పై పళ్ల వెనక ఒక చిన్న గట్టుకు తగులుతుంది కదా, అక్కడే ఆనించి ఉంచు. పెదవులు మూసి, పళ్ల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంచి, ముక్కుతో ఊపిరి తీసుకో. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పళ్లు కలవకూడదు. పని ధ్యాసలో బిగించేస్తాం కాబట్టి ఫోన్ మీదా కంప్యూటర్ మీదా చిన్న చుక్క అతికించుకో. కనిపించినప్పుడల్లా దవడ వదులు చెయ్యి.

పొద్దున, రాత్రి వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు బుగ్గకీ కణతకీ పదిహేను నిమిషాలు పెట్టు. చల్లారితే మళ్లీ ముంచు. తర్వాత మర్దనా. పళ్లు ఒక్కసారి మెల్లగా బిగిస్తే చెంప ఎముక కిందినుంచి దవడ మూల దాకా ఒక కండ ఉబికి వేళ్లకు తగులుతుంది. చోటు గుర్తుపెట్టుకుని బిగింపు వదిలెయ్యి. వదలకుండా రుద్దితే రాయిని రుద్దినట్టే. రెండు వేళ్ల మెత్తలతో పైనుంచి కిందికి నిదానంగా ఒక నిమిషం లాగు. గట్టి ముడి దొరికితే అక్కడ ఇరవై ముప్ఫై సెకన్లు ఒత్తి పట్టుకో. నొప్పి పదికి మూడు దాటకూడదు.

వ్యాయామాలు మూడు చాలు. మొదటిది: నాలుకను ఆ గట్టు మీదే ఉంచి, అది ఊడిరానంత మేర నోరు తెరిచి ముయ్యి. చెవి ముందు వేళ్లు పెట్టుకుంటే ఎముక తల ముందుకు ఉబకకుండా అక్కడే తిరుగుతున్నట్టు తెలియాలి. ఉబికితే ఎక్కువ తెరిచావన్నమాట. ఆరుసార్లు, రోజుకు ఆరు పూటలు. ఒకేసారి ముప్ఫైఆరు చేస్తే లాభం లేదు, కండ అలిసి ఇంకా బిగుస్తుంది.

రెండోది: పళ్ల మధ్య సందు ఉంచి, గడ్డం కింద రెండు వేళ్లు ఆనించి, తెరవబోతున్నట్టు కిందికి నెట్టు. దాన్ని వేళ్లు అడ్డుకోవాలి, దవడ కదలకూడదు. ఐదారు సెకన్లు. అలాగే కుడికీ ఎడమకీ. కాగితం జారిపోకుండా పట్టుకునేంత బలం చాలు.

మూడోది మెడకు. గడ్డాన్ని నేలకు సమాంతరంగా వెనక్కి లాగి ఐదు సెకన్లు ఆపు, ఆరుసార్లు. తల ముందుకు వేలాడితే గొంతు ముందున్న కండరాలు కింది దవడను వెనక్కి లాగుతాయి. మెడ వదిలేసి దవడకే చేస్తే సగం పనే.

పది రోజులకీ కొలత కదలకపోతే, కాపడం తర్వాత బొటనవేలు పై పళ్లకీ చూపుడువేలు కింది పళ్లకీ కత్తెరలా ఆనించి మెల్లగా తెరిచి, పదిహేను నుంచి ముప్ఫై సెకన్లు పట్టుకో. నాలుగుసార్లు. కదిలే పళ్లుంటే వద్దు. నొప్పి గంటలోపు సర్దుకుంటే సరిపోయింది. మర్నాడు కొలత తగ్గితే ముందురోజు అతి చేశావని అర్థం, సగానికి తగ్గించు.

చూయింగ్ గమ్ మానెయ్యి. అది దవడకు వ్యాయామమన్నది ఉత్త మాట. రెండు వారాలు మెత్తనివి, చిన్న ముక్కలుగా, రెండు వైపులా నములు. ఆవలింత వస్తే నాలుక అంగిటికి నొక్కి గడ్డం కింద పిడికిలి పెట్టు. బోర్లా పడుకోకు. రాత్రి పళ్లకు తొడుగు కావాలా అన్నది దంతవైద్యుడు చెప్పాలి. అది పళ్లను అరగకుండా కాస్తుంది, బిగించే అలవాటును మాన్పించదు.

ఇవన్నీ కండరాల బిగుతుకే. దెబ్బ తగిలినా, ఆపరేషనో రేడియేషనో అయినా దారి వేరు, ఆ డాక్టర్ చెప్పాకే మొదలుపెట్టాలి. జ్వరం, వాపు, పళ్ల కలయిక ఉన్నట్టుండి మారడం, నోరు తెరిచింది మూసుకోకపోవడం, ఇవి ఇంట్లో చూసుకునేవి కావు. యాభై దాటినవాళ్లకు నమిలితే దవడ నొప్పి, కణత నొప్పి, చూపు మసక కలిసి వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే దవడ నొప్పి గుండెది కావచ్చు.

నాలుగు వారాల కొలతలు రాసిన కాగితం దాచి ఉంచు. ఐదు మిల్లీమీటర్లయినా పెరగకపోతే అది పట్టుకుని ఫిజియో దగ్గరికి వెళ్లు. వేలు నోట్లో పెట్టి లోపలి కండను వదిలించడం వాళ్లకు తెలుసు, నువ్వు సొంతంగా చెయ్యకు.

నీ
పెద్దమ్మ