పాత కారుని ఇంటి రిపేర్లతో ఎన్నాళ్ళు నడపొచ్చు? 2,31,000 కిలోమీటర్లు తిరిగిన మా ఆల్టో అనుభవం

మీ ప్రశ్న ఇదీ: 2008 మోడల్ ఆల్టో, 1,80,000 తిరిగింది, నెలకో రిపేరు వస్తోంది, షెడ్డులో అమ్మేయమంటున్నారు, ఇంటి దగ్గర కొన్ని పనులు సొంతంగా చేసుకుంటూ ఇంకో ఐదేళ్ళు నడపొచ్చా అని. నడపొచ్చు. మాదీ ఆల్టోనే, 2006లో నాన్నగారు కొన్నది, ఇప్పుడు 2,31,000 దాటింది, ఇప్పటికీ వారానికి రెండుసార్లు బందరు నుంచి బెజవాడ వెళ్ళొస్తుంది. నేను మెకానిక్‌ని కాను, హైస్కూల్లో లెక్కలు చెప్తాను. నాన్నగారు డ్రైవింగ్ మానేశాక బండి నా చేతికి వచ్చింది, అప్పట్నుంచి పదకొండేళ్ళుగా చిన్న పనులన్నీ మా ఇంటి ముందే చేసుకుంటున్నాను.

ఈ పదకొండేళ్ళలో నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. పాత బండి మీద డబ్బులు ఎక్కువగా పోయేది అంచనాగా పార్టులు మార్చడం వల్లే. సెల్ఫ్ తీసుకోకపోతే ముందు బ్యాటరీ మారుస్తారు, అయినా తీసుకోకపోతే సెల్ఫ్ మోటార్ విప్పుతారు, అదీ కాకపోతే వైరింగ్ అంటారు, ఈలోపు పది పన్నెండు వేలు అయిపోతాయి, అసలు రోగం అలాగే ఉంటుంది, మనకి విసుగొచ్చి వచ్చిన రేటుకి అమ్మేస్తాం. అందుకే ఏదైనా మార్చే ముందు కొలవండి అని అందరికీ చెప్తుంటాను.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. నాలుగేళ్ళ కిందట వానాకాలంలో పొద్దున్నే సెల్ఫ్ కొడితే నీరసంగా ఒక్క తిప్పు తిరిగి ఆగిపోయేది. బ్యాటరీ కొత్తదే, ఆరు నెలలు కూడా కాలేదు. షెడ్డుకి తీసుకెళ్తే సెల్ఫ్ మోటార్ పోయింది, విప్పి చేయాలి, 4,500 అవుతుంది అన్నారు. ఒక్క రోజు ఆగమని ఇంటికి తెచ్చి, స్కూల్ ల్యాబ్ కోసం కొన్న మల్టీమీటర్ బయటకి తీశాను. 20 వోల్టుల డీసీ మీద పెట్టి, రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ చూస్తే 12.6 ఉంది, అంటే నిండుగా ఉన్నట్టు. మా అబ్బాయిని సెల్ఫ్ కొట్టమని మళ్ళీ చూస్తే 10.8 దగ్గర నిలబడింది, అంటే బ్యాటరీలో లోపం లేదు. అప్పుడు మీటర్ పుల్ల ఒకటి బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద (వైర్ బిగించే క్లాంప్ మీద కాదు, లోపలున్న సీసం దిమ్మ మీదే), రెండోది ఇంజిన్ మీద పెయింట్ లేని ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాను. అక్కడ దాదాపు సున్నా రావాలి, అర వోల్టు దాటిందంటే దారిలో ఏదో అడ్డం ఉన్నట్టే. నాకు 1.9 వచ్చింది.

అంటే బ్యాటరీ నుంచి ఇంజిన్‌కి పోయే ఎర్త్ వైర్ దగ్గరే దాదాపు రెండు వోల్టులు ఆవిరైపోతున్నాయి. వైర్ పైకి బాగానే ఉంది. గేర్‌బాక్స్ దగ్గర బోల్ట్ విప్పి లగ్ (వైర్ చివర ఉండే రింగు) బయటకి లాగితే దాని కింద ఎర్రటి తుప్పు పొర, రబ్బరు తొడుగు రెండు అంగుళాలు చీల్చి చూస్తే లోపల రాగి తీగలు పచ్చగా పిండి పిండిగా రాలాయి. బందరులో సముద్రపు గాలికి ఇది మామూలే. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర 250 రూపాయలు పెట్టి మందపాటి కొత్త వైర్ చేయించి, బోల్ట్ కూర్చునే చోట ఎమ్రీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజెలిన్ రాశాను. మళ్ళీ కొలిస్తే 0.2. సెల్ఫ్ ఒక్క చిటికెలో అందుకుంది. ఆ మోటారే ఇప్పటికీ ఉంది. మీ దగ్గర మీటర్ లేకపోతే జంపర్ కేబుల్‌తో బ్యాటరీ మైనస్‌ని నేరుగా ఇంజిన్‌కి కలిపి సెల్ఫ్ కొట్టి చూడండి, అప్పుడు చురుగ్గా తిరిగితే లోపం ఎర్త్‌లోనే ఉంది. కానీ మూడు నాలుగు వందలకి మీటర్ వస్తుంది, పాత కారు ఉన్న ప్రతి ఇంట్లో అది ఉండాలని నా అభిప్రాయం.

రెండోది కూలింగ్. మన వైపు పాత బండ్లు ఎక్కువగా పాడయ్యేది దీంతోనే, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఒక మే నెలలో ఉయ్యూరు దాటాక ఏసీ వేసుకుని వెళ్తుంటే టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కడం మొదలైంది. దారిలో ఒక షెడ్డులో థర్మోస్టాట్ వాల్వ్ పీకేసి, ఇక వేడెక్కదు అన్నారు. మన దగ్గర చాలాచోట్ల ఇదే వైద్యం. నిజమే, ఆ రోజుకి ఇల్లు చేరాను. కానీ థర్మోస్టాట్ ఉన్నది ఇంజిన్ సరైన వేడికి వచ్చేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనీయకుండా ఆపడానికి. అది లేకపోతే ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, సెన్సర్ చూపించే ఆ చల్లదనాన్ని బట్టి కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. చలికాలం వచ్చేసరికి ముల్లు లేవడమే మానేసింది, లీటరుకి 17 కిలోమీటర్లు ఇచ్చే బండి 13 ఇచ్చింది.

అసలు కారణం రేడియేటర్‌లో ఉంది. కూలెంట్ తగ్గినప్పుడల్లా ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోశాం. మా బోరు నీళ్ళు కాచిన గిన్నెకే తెల్లగా పొర కడతాయి, అదే పొర రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కట్టింది. బెజవాడ ఆటోనగర్‌లో పాతది విప్పించి చూస్తే కింద మూడో వంతు గొట్టాలు పూర్తిగా మూసుకుపోయి ఉన్నాయి. కొత్త రేడియేటర్, కొత్త థర్మోస్టాట్, కొత్త క్యాప్ వేయించి, కూలెంట్‌లో సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పోశాను. ఆ తర్వాత మే నెలలు చాలా వచ్చాయి, ముల్లు సగం దాటలేదు. మీకు గుర్తు పట్టడానికి ఒక కిటుకు: ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కి, కదిలితే తగ్గుతుంటే ఫ్యాను, దాని రిలే, ఫ్యూజ్ చూడండి. హైవే మీద స్పీడులో వేడెక్కుతుంటే ముందు రేడియేటర్‌నే అనుమానించండి. ఇంజిన్ వేడిగా ఉండగా క్యాప్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకండి, ఒత్తిడితో మరిగే నీళ్ళు మొహం మీదకి ఎగజిమ్ముతాయి. ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గిపోతుంటే, డిప్‌స్టిక్‌కి (ఇంజిన్ ఆయిల్ కొలిచే పుల్లకి) అంటిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీల్) పోయినట్టు, అలా నడిపితే ఇంజిన్ మొత్తం పోతుంది. వానాకాలంలో దగ్గర దగ్గర తిరిగే బండికి ఆయిల్ మూత కింద మాత్రం కొంచెం మీగడలా పట్టడం మామూలే, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే దానికి టెన్షన్ పడొద్దు.

ఇక ఇంట్లో చేసుకోగలిగిన పనులు. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, మూడు ప్లగ్గులు, వైపర్లు, బల్బులు, బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్ల పొడి పడితే వేడి నీళ్ళలో వంట సోడా కలిపి కడగడం, ఇవన్నీ ఒక ఆదివారం పొద్దున అయిపోతాయి. ఆల్టోది 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్, 1983 నుంచి 2014 దాకా తయారైన మారుతి 800 ఇంజిన్ కుటుంబమే, కాబట్టి మామూలు సామాన్లు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్ట్ దగ్గర మాత్రం బలం చూపించకండి. మొదటిసారి నేను గట్టిగా బిగించి త్రెడ్ పోగొట్టాను, లేత్ దగ్గర మళ్ళీ త్రెడ్ వేయించాల్సి వచ్చింది. తీసిన పాత ఆయిల్ డబ్బాలో పట్టి కొనేవాళ్ళకి ఇవ్వండి, మురిక్కాలవలో పోయకండి.

రబ్బరు సామాన్లు తిరిగిన దూరంతోనే కాదు, వయసుతో కూడా పోతాయి. హోస్‌లు నొక్కితే పగుళ్ళు కనిపిస్తున్నాయా, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటే టిక్ టిక్ శబ్దం వస్తోందా (వస్తే యాక్సిల్ జాయింట్ మీద ఉండే రబ్బరు తొడుగు, అంటే బూట్, చిరిగి లోపల గ్రీజు పోయి ఉంటుంది, బూట్ చిరిగినప్పుడే మారిస్తే జాయింట్ బతుకుతుంది), టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఎంత ఉంది (2319 అంటే 2019లో 23వ వారం తయారైంది) అని మూడు నెలలకోసారి చూసుకోండి.

జాకీ గురించి మాత్రం బతిమాలి చెప్తున్నాను. బండితో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద నిలబెట్టిన కారు కిందకి చెయ్యి కూడా పెట్టకండి. కారు బరువు మోసే జాకీ స్టాండ్లు రెండు కొనుక్కోండి, విప్పిన చక్రాన్ని కూడా కారు అంచు కింద పడుకోబెట్టండి, చదునైన గచ్చు మీదే పని చేయండి.

బ్రేక్ ప్యాడ్‌లు ఒక తెలిసిన మెకానిక్ పక్కన నిలబడి రెండుసార్లు చూశాక నేనే వేసుకుంటున్నాను, కానీ బ్రేక్ పైపులు, మాస్టర్ సిలిండర్, స్టీరింగ్, పెట్రోల్ లైన్, ఏసీ గ్యాస్ జోలికి పోను. టైమింగ్ బెల్ట్ కూడా అంతే, ఒక్క పన్ను అటూ ఇటూ అయినా ఇంజిన్ సరిగా నడవదు. మా షెడ్డాయన ఆ పని చక్కగా చేస్తాడు, ఇంట్లో కొలిచి లోపం కనిపెట్టి వెళ్తే ఆయనకీ పని తేలికే.

ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, అయిన ఖర్చు, ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి మైలేజీ. నిరుడు నా నోట్‌బుక్‌లో మైలేజీ నెలలో 17 నుంచి 15కి పడింది, ఏంటా అని ఎత్తి చక్రాలు చేత్తో తిప్పితే వెనక ఎడమది పట్టేసి ఉంది, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పుతో బిగుసుకుపోయింది. నోట్‌బుక్ లేకపోతే అది డ్రమ్ము కాలి వాసన వచ్చేదాకా నాకు తెలిసేది కాదు.

అమ్మేయాలా వద్దా అన్నది నేనైతే ఇంజిన్‌ని బట్టి తేల్చను, బాడీని బట్టి తేలుస్తాను. ఇంజిన్ పోతే చేయించుకోవచ్చు. జాకీ పెట్టే చోట, సస్పెన్షన్ బిగించే చోట, కాళ్ళ కింద ఫ్లోర్‌లో స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. ఇనుము గట్టిగా తగిలితే డబ్బు పెట్టొచ్చు, స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోతే ఇక ఒక్క రూపాయి కూడా పెట్టకండి, అది ప్రమాదం. ఇంకోటి, 15 ఏళ్ళు దాటింది కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ అయిందో లేదో చూసుకోండి. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5,000 చేశారు, ఆ డబ్బు కూడా లెక్కలో వేసుకోండి. ఢిల్లీలో పాత బండ్ల మీద ఉన్న నిషేధం గురించి విని ఇక్కడ భయపడొద్దు, మన రెండు రాష్ట్రాల్లో ఫిట్‌నెస్ పాసైతే నడుపుకోవచ్చు.

మీరు ముందు ఈ మూడు కొలతలు తీసుకోండి: పొద్దున్నే బండి స్టార్ట్ చేయకముందు బ్యాటరీ వోల్టేజి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు అదే వోల్టేజి (14కి అటూ ఇటూ ఉండాలి), సెల్ఫ్ కొట్టినప్పుడు ఎర్త్ దగ్గర ఎంత వస్తోందో. దాంతోపాటు నెలకో రిపేరు అన్నారు కదా, ఈ ఏడాది ఏమేం మార్చారో కూడా రాయండి, చూసి చెప్తాను.