బుజ్జీ, అన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే పెట్టుకోకు

చిరంజీవి బుజ్జికి పెద్దత్త దీవెనలు.

నువ్వొక్కదానివే నెలరోజులపాటు నాలుగు దేశాలు తిరిగి రావడానికి టికెట్లు తీసేసుకున్నావని మీ నాన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. చెబుతున్నంతసేపూ వాడి గొంతులో గర్వం, దాని వెనకే గుబులు. నాకూ అంతే. వెళ్లొద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నీ సంపాదనతో నువ్వు, నీకు నచ్చిన దారిన బయల్దేరుతున్నావు, సుబ్బరంగా వెళ్లిరా. కానీ పోయిన పెట్టెలూ, తప్పిన విమానాలూ, పారేసుకున్న పాస్‌పోర్టులూ, ఈ గోలలు తీర్చడమే నా ఉద్యోగం కదా. అందుకని చెప్పకుండా ఉండలేను. ఏదో ఒక వస్తువు పోయినంత మాత్రాన ప్రయాణం పాడవదు. ఒకటి పోయినప్పుడు దాంతోపాటు మిగతావన్నీ పోతేనే పాడవుతుంది.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. చాలా దేశాలు పాస్‌పోర్టుకి ఇంకా 6 నెలల గడువు ఉండాలంటాయి, చూసుకో. మందులు డబ్బాలోకి ఒలిచి పోసుకోకు. వాటి స్ట్రిప్పుల్లోనే, డాక్టర్ చీటీతో సహా చేతిబ్యాగులో పెట్టుకో. చీటీలో కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు ఉండాలి, వేరే దేశంలో ఆ కంపెనీ మందు దొరక్కపోవచ్చు. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో వేయకూడదు, చేతిబ్యాగులోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపైతే అనుమతి అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లే కాబట్టి నీది చాలు.

ఇక అసలు సంగతి, నీ ఫోన్. టికెట్లు అందులోనే. దిగే చోటు అడ్రసు, మ్యాపు అందులోనే. బ్యాంకు యాప్ అందులోనే, బ్యాంకు పంపే ఓటీపీ వచ్చే సిమ్ కూడా అందులోనే. పాస్‌పోర్టు ఫోటో జాగ్రత్తగా తీసిపెట్టుకున్నానంటావు, అదీ అందులోనే. చాలదన్నట్టు కవరు వెనక డెబిట్ కార్డు దూర్చావు. పోయినసారి మా ఇంటికొచ్చినప్పుడు టేబుల్ మీద పెడితే చూశాను, నోటిదాకా వచ్చి ఊరుకున్నాను. ఊరుకోవాల్సింది కాదు, ఇప్పుడు తిడుతున్నాను విను: ముందు ఆ కార్డు తీసెయ్.

అందరూ చేసే తప్పే ఇది, పాతదే. వెనకటికి అన్నీ ఒకే హ్యాండ్‌బ్యాగులో కుక్కేవాళ్లు, ఇప్పుడు ఒకే ఫోన్‌లో కుక్కుతున్నారు. జరిగేది ఇలా ఉంటుంది. రైలు తలుపులు మూసుకునే క్షణంలో చేతిలోంచి లాక్కుని ఒకడు దిగిపోతాడు, లేదంటే టాక్సీ సీటు సందులోకి జారిపోతుంది. పక్కవాళ్ల ఫోన్ అడిగి తీసుకుంటావు. మెయిల్ తెరుద్దామంటే పాస్‌వర్డ్ గుర్తురాదు, రోజూ దాన్ని నింపేది ఫోనే కాబట్టి. గుర్తొచ్చినా, కొత్త ఫోన్ నుంచి తెరుస్తున్నావు గనక కోడ్ చెప్పమంటుంది. ఆ కోడ్ వెళ్లేది పోయిన ఫోన్‌కే. బ్యాంకుకి చెబుదామంటే బ్యాంకు నంబరు ఆ ఫోన్‌లో ఉంది. ఇంటికి చేద్దామంటే, నిజం చెప్పు, మీ అమ్మ నంబరు చూడకుండా వచ్చా నీకు? రెండో తరగతిలో ఉన్నప్పుడు మీ ఇంటి నంబరు, మా ఇంటి నంబరు, మీ నాన్న ఆఫీసు నంబరు పద్యంలా అప్పజెప్పేదానివి. బడి దగ్గర తప్పిపోతే చెప్పాలని నేనే నేర్పాను. మళ్లీ నేర్చుకో. రెండు నంబర్లు, దేశం కోడ్‌తో సహా కంఠతా రావాలి.

ఈ ముడి విప్పడానికి బయల్దేరేముందు ఒక సాయంత్రం కూర్చుంటే చాలు. నీ గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో బ్యాకప్ కోడ్‌లని ఉంటాయి. 8 అంకెల కోడ్‌లు 10 ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. పాస్‌వర్డ్‌తోపాటు కోడ్ కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకున్నవాళ్లకే అవి కనబడతాయి, నువ్వు పెట్టుకున్నావని తెలుసు. ఓ నాలుగు కోడ్‌లు కాగితం మీద చేత్తో రాసుకో. ఇవి ఏ ఖాతావో కాగితం మీద రాయకు. తర్వాత నీ సొరుగులో పడున్న పాత ఫోన్ బయటికి తీసి ఛార్జ్ చెయ్, అదే ఖాతాతో లాగిన్ అవ్వు. మన ఊరి సిమ్, ఓటీపీలు వచ్చేది, ఆ పాత ఫోన్‌లో వేసి గదిలో పెట్టెలో తాళం వేసి ఉంచు. చేతిలో తిప్పే ఫోన్‌లో ప్రయాణానికి కొన్న సిమ్ మాత్రమే ఉండనీ. ఇంటి సిమ్ అందులో లేకపోయినా వాట్సాప్ పాత నంబరు మీద నడుస్తుందో లేదో బయల్దేరేముందే చూసుకో. ఇంటి సిమ్‌కి రోమింగ్ ఇక్కడుండగానే ఆన్ చేయించుకో, అక్కడికెళ్లాక చేయించడానికి మళ్లీ ఓటీపీ అడుగుతారు.

ఆ ఇంటి సిమ్‌కి పిన్ పెట్టు. ఫోన్‌కి తాళం ఉందిగా అనుకుంటారు అందరూ. దొంగ ఆ సిమ్ ఊడబీకి ఇంకో ఫోన్‌లో వేసుకుంటే ఓటీపీలన్నీ వాడికే వస్తాయి, నీ ఫోన్ తాళంతో వాడికి పనేముంది? పిన్ పెట్టేముందు కంపెనీ ఇచ్చిన పాత పిన్ ఏమిటో, పిన్ తప్పి సిమ్ ఆగిపోతే తెరిచే పీయూకే నంబరు ఏమిటో కనుక్కుని ఇంట్లో రాసిపెట్టు. మూడుసార్లు పిన్ తప్పు కొడితే పీయూకే అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే సిమ్ శాశ్వతంగా చచ్చిపోతుంది. లాక్ స్క్రీన్ మీద మెసేజీల లోపలి మాట కనబడకుండా సెట్టింగ్ మార్చు. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే నీ ఫోన్‌ని గుర్తుపట్టే ఐఎంఈఐ నంబరు వస్తుంది, అదీ రాసుకో.

కాగితం అన్నానుగా, అది ఎలా ఉండాలో చెబుతాను. అరచేతంత ముక్క చాలు, బాల్ పెన్నుతో రాయి, జెల్ పెన్ను తడిస్తే అలుక్కుపోతుంది. ఒకవైపు ఇంటి నంబర్లు రెండు, బ్యాంకు కార్డు ఆపించే నంబరు (విదేశాల నుంచి చేసేది, టోల్ ఫ్రీది కాదు, టోల్ ఫ్రీ నంబర్లు సరిహద్దు దాటితే చాలావరకు కలవవు), ఇన్సూరెన్సు పాలసీ నంబరు, వాళ్ల 24 గంటల నంబరు. రెండోవైపు నీ రక్తం గ్రూపు, పడని మందులు, ఐఎంఈఐ, ఆ దేశంలో మన రాయబార కార్యాలయం నంబరు, ఆ రాత్రి దిగే చోటు అడ్రసు స్థానిక లిపిలో. టాక్సీ డ్రైవరుకి మన ఉచ్చారణ కన్నా అదే తొందరగా అర్థమవుతుంది. జిప్ కవరులో పెట్టి, ఫోనూ పర్సూ కాని మూడోచోట, ఒంటి మీదే ఉంచుకో. బ్యాకప్ కోడ్‌ల కాగితం దీంతో కలపకు, అది పెట్టెలో ఉండాలి. కార్డులు రెండు, వేర్వేరు ఖాతాలవి, ఒకటి నీ దగ్గర, ఒకటి పెట్టెలో. విదేశీ వాడకం పరిమితి తక్కువగా పెట్టుకుని అవసరమైనప్పుడు పెంచుకో. మూడు రోజులకు సరిపడా నగదు కార్డులతో కలవకుండా విడిగా దాచు.

అయినా పోయిందనుకో. ముందు ఎవరి ఫోన్ నుంచైనా ఒకసారి మోగించు, మంచివాళ్లకు దొరికి ఉండొచ్చు. ఎత్తకపోతే వెంటనే తాళం వెయ్. ఆండ్రాయిడ్‌లో రిమోట్ లాక్ అని ఉంది, ఇప్పుడే ఆన్ చేసి పెట్టుకుంటే ఏ బ్రౌజరు నుంచైనా ఆండ్రాయిడ్ డాట్ కామ్ స్లాష్ లాక్ తెరిచి ఆ ఫోన్ నంబరు కొట్టి తాళం వేయొచ్చు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఆ తర్వాత పోయిన సిమ్ ఆపించు, ఆ వెంటనే బ్యాంకు. ఈ మూడూ అయ్యాకే పోలీసు స్టేషను. అక్కడ ఫిర్యాదు కాపీ తీసుకోకుండా బయటికి రాకు, ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేది అదే. ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేయాలని ఆత్రపడకు, చాలా ఫోన్లలో చెరిపేశాక ఎక్కడుందో కనబడదు. ఒకటి రెండు రోజుల్లో నీకో మెసేజ్ రావచ్చు: నీ ఫోన్ దొరికింది, ఈ లింకు నొక్కు, పాస్‌వర్డ్ కొట్టు, లేదా ఖాతాలోంచి ఆ ఫోన్ తీసెయ్ అని. అది పంపేది దొంగే. ఖాతాలోంచి తీసేస్తే ఆ ఫోన్ వాడి సొంతమైపోతుంది.

మ్యాపులో చుక్క కనబడిందని ఒక్కదానివే ఆ సందులోకి వెళ్లకు. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. ఫోన్ మళ్లీ కొనుక్కోవచ్చు తల్లీ.

పెట్టె రాకపోతే చేయాల్సింది చిన్న పనే, కానీ విమానాశ్రయం దాటకముందే చేయాలి. బెల్టు ఆగిపోయి నీ పెట్టె కనబడకపోతే ఆ హాల్లోనే ఉన్న బ్యాగేజీ కౌంటరులో పీఐఆర్ అనే రిపోర్టు రాయించి నంబరు తీసుకో. బోర్డింగ్ పాసుకి అంటించిన చిన్న స్టిక్కరు పారేయకు, పెట్టెని వెతికేది దాంతోనే. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పెట్టె దెబ్బతింటే అందిన 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే అందిన రోజు నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క. పరిహారం గరిష్ఠంగా మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కలకు వాడే కొలమానం), 2024 డిసెంబర్ 28 నుంచి ఇదే పరిమితి. మనిషికి, పెట్టెకి కాదు. ఈలోగా కొన్న బట్టలు, బ్రష్షు, అన్నిటికీ బిల్లులు దాచు. పెట్టె మూసేముందు లోపల ఏముందో ఒక ఫోటో తీయి, లోపల కూడా నీ పేరు, నంబరు రాసిన కాగితం వెయ్. పై ట్యాగ్ ఊడిపోతే పెట్టె ఎవరిదో వాళ్లకు తెలిసేది ఆ కాగితం వల్లనే.

నీ టికెట్లు చూశాను, మీ నాన్న పంపాడు. మొదటి రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నాయి, ఒకటి ఆలస్యమైతే రెండోది ఎక్కించే బాధ్యత వాళ్లదే. మూడోది విడిగా కొన్నావు, మధ్యలో రెండు గంటలే. ముందుది ఆలస్యమైతే మూడోదాని డబ్బు నీళ్లలో పోసినట్టే. వీలైతే మర్నాటికి మార్చుకో. ఇంకోటి, మొదటి విమానం తప్పితే రైల్లో వెళ్లి రెండోది అందుకుంటానని బయల్దేరకు. మొదటిది ఎక్కని మనిషి టికెట్టులో మిగతావన్నీ వాళ్ల సిస్టమ్ రద్దు చేసేస్తుంది. ముందు వాళ్లతో మాట్లాడాకే కదులు.

పాస్‌పోర్టు పోయిందని కంగారుపడేముందు జిరాక్స్ మెషీను అద్దం కింద, హోటల్ రిసెప్షనులో, గది లాకరులో చూడు. సగం పాస్‌పోర్టులు అక్కడే దొరుకుతాయి. పోయిందని ఫిర్యాదు చేస్తే ఆ నంబరు ఇంటర్‌పోల్ జాబితాలోకి ఎక్కొచ్చు. తర్వాత దొరికినా దాంతో ప్రయాణం చేయకూడదు. నిజంగా పోతే పోలీసు కాపీ, జిరాక్సు, ఫోటోలతో రాయబార కార్యాలయానికి వెళ్లాలి. వాళ్లు తొందరగా ఇచ్చే పత్రం మామూలుగా ఇంటికి రావడానికే పనికొస్తుంది, మిగతా దేశాల వీసాలు పాత పాస్‌పోర్టుతోనే పోతాయి. అందుకే స్కూటరు అద్దెకిచ్చేవాడు పాస్‌పోర్టు తాకట్టు పెట్టమంటే ఇవ్వకు. అసలు స్కూటరే వద్దు. ఆ దేశంలో చెల్లే ద్విచక్ర వాహన లైసెన్సు లేకుండా పడితే చాలా పాలసీలు పైసా ఇవ్వవు.

ఒంట్లో బాగాలేకపోతే భయపడకు, బద్ధకించకు కూడా. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లం దాని మీద రాసిన కొలత నీళ్లలోనే కలుపు. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, స్పూను మీద గీసి చదును చేసిన కొలత. ఉప్పు ఎక్కువైతే మేలు పోయి కీడవుతుంది. రక్తం పడినా, జ్వరం ఎక్కువున్నా విరేచనాలు ఆపే మాత్ర వేసుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లు. ఆసుపత్రిలో చేరాల్సొస్తే ఇన్సూరెన్సు నంబరుకి ముందే ఫోన్ చేయించు, చేరాక చెబితే డబ్బు దగ్గర పేచీ వస్తుంది. కుక్కో కోతో కరిచినా, గీరినా, అక్కడికక్కడ పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడుగు, అదే రోజు టీకాకి వెళ్లు. నీకు వీధికుక్కల మీద ఎంత ప్రేమో తెలుసు కాబట్టి చెబుతున్నాను.

మీ అమ్మ గురించి ఒక్క మాట. నువ్వు ప్రమాదంలో ఉన్నావు, వెంటనే డబ్బు పంపండి అని ఎవడైనా ఫోన్ చేస్తే అది ఆలోచించకుండా పంపేస్తుంది. ఇప్పుడు నీ గొంతునీ అనుకరించగలుగుతున్నారు. మీ ముగ్గురూ ఒక గుర్తుమాట అనుకోండి. ఎదురెదురుగా కూర్చుని అనుకోండి, మెసేజీలో రాసుకోవద్దు. డబ్బు మాట ఎత్తినవాళ్లు అది చెప్పలేకపోతే ఫోన్ పెట్టేయాలి.

ఆదివారం పొద్దున్నే మా ఇంటికి రా. నీ ఫోన్ సాయంత్రం దాకా నా దగ్గరుంటుంది. ఆ బ్యాకప్ కోడ్‌ల కాగితం, నీకు గుర్తున్న పాస్‌వర్డ్, నా కంప్యూటరు, వీటితోనే నీ మెయిల్ తెరిచి, టికెట్లు ప్రింటు తీసి, మీ అమ్మకి నంబరు చూడకుండా ఫోన్ చేసి చూపించు. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఇద్దరం కూర్చుని సరిచేద్దాం. పాత ఫోన్, దాని ఛార్జరు మర్చిపోకుండా తెచ్చుకో.

ఉంటాను,
మీ పెద్దత్త