పిల్లవాడు రాత్రి పళ్లు తోముకోవట్లేదా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

"మా బాబుకి పదిహేనేళ్లు, ఎంత చెప్పినా రాత్రి బ్రష్ చేయడు, ఏం చేయాలి?" అని అడిగారు. నేను డాక్టర్ని కాదండీ, దెబ్బ తిని తెలుసుకున్నదాన్ని.

మాది నల్గొండ. మా వాడిని ఇంటర్‌కి హైదరాబాద్ హాస్టల్లో వేశాం. దసరా సెలవులకి వచ్చినప్పుడు చూస్తే, పండగనాడు మటన్ ముక్కని కుడి దవడకే తోసుకుని నములుతున్నాడు. ఏమైందిరా అంటే ఏం లేదమ్మా అన్నాడు. మా అత్తమ్మ లవంగం పెట్టుకోమంది. రాత్రికి నొప్పి తగ్గింది, అందరం మర్చిపోయాం. లవంగం నొప్పిని అణుస్తుంది గానీ పుచ్చుని ఆపదు కదా! మూడో రోజుకి బుగ్గ వాచింది.

ఎక్స్‌రే తీస్తే ఎడమవైపు కింది దవడలో చివరి పన్ను. పన్నెండేళ్లప్పుడు వచ్చేదట అది. వచ్చి నాలుగేళ్లు కాలేదు, పుచ్చు అప్పుడే నరం దాకా దిగింది. రూట్ కెనాల్, క్యాప్ కలిపి మాకు 9000 అయింది.

ఇంటికొచ్చి వాడి బ్యాగు తీశాను. జూన్‌లో కొనిచ్చిన పేస్ట్ ట్యూబు మెడ దగ్గర కాస్త నొక్కి ఉంది, మిగతాదంతా నిండుగా, కొత్తదానిలా. తిట్టబోయి ఆగి, రాత్రిళ్లు ఏం చేస్తావురా అని అడిగాను. పదిన్నర దాకా స్టడీ అవర్, ఆకలేస్తే డబ్బా, తర్వాత నిద్ర. ఆ డబ్బాలో ఉన్నవి ఏంటనుకున్నారు? నేను నా చేత్తో పంపిన పల్లీ పట్టీలు, బిస్కెట్లు!

డాక్టరమ్మ చెప్పిన మాట నాకు బాగా నాటుకుంది. తీపి ఎంత తిన్నాడన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నాడన్నదే ముఖ్యమట. తిన్న ప్రతిసారీ నోట్లో పుట్టే ఆమ్లం తగ్గడానికి అరగంట దాకా పడుతుంది. మావాడు పుస్తకం ముందు రెండు గంటల పాటు ఒక్కో ముక్క నములుతుంటే పంటికి తీరికెక్కడిది? పైగా నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గిపోతుంది, ఇరుక్కున్న బెల్లం తెల్లారేదాకా అలాగే ఉంటుంది.

ఇంకో తప్పూ నాదే. మా జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు పాడైనవాళ్లని చూస్తూ పెరిగాం. ఆ భయంతో ఏరికోరి ఫ్లోరైడ్ లేని పేస్ట్ కొనేదాన్ని. పళ్ల మీద ఆ మచ్చలు పడేది చిన్నతనంలో, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడు అలాంటి నీళ్లు తాగితేనట. మావాడిలా పదహారేళ్లవాడు పేస్ట్ ఉమ్మేస్తే ఆ భయం లేదని, పుచ్చుని అడ్డుకునేది పేస్ట్‌లోని ఆ ఫ్లోరైడేనని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్నది కొంటున్నాను. తోముకున్నాక నురగ ఉమ్మేసి ఊరుకోవాలి, నీళ్లతో గబగబా పుక్కిలిస్తే మందంతా పోతుంది.

మీ ప్రశ్నకొస్తే, పడుకునే ముందు తోముకో అంటే ఈ వయసులో వినరండీ, అప్పటికి కళ్లు మూతలు పడుతుంటాయి. రాత్రి భోజనం అయిన కాసేపటికే తోముకోమన్నాను, ఆ తర్వాత మంచినీళ్లే. ఆకలి ఆగకపోతే ఉత్త వేయించిన పల్లీలు తిని గట్టిగా పుక్కిలించమన్నాను. ఇంకోటి, మీరు చెప్పకండి, డాక్టరుతో చెప్పించండి. మా వాడి పన్ను లోపలి గుంట ఫొటో స్క్రీన్ మీద చూపిస్తే ముఖం మాడిపోయింది. నేను నెలల తరబడి అరిచినా రాని ఫలితం అది. మిగతా దవడపళ్ల గాడుల్లో పుచ్చు రాకుండా సీలెంట్ కూడా పూయించాం.

మా చిన్నదానికి పదమూడు, క్లిప్పులున్నాయి. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని తోమడమే మానేసింది ఒకసారి. తోమకపోతేనే రక్తం ఎక్కువవుతుందని నచ్చజెప్పడానికి వారం పట్టింది.

సంక్రాంతికి వచ్చి వెళ్తూ మావాడు పేస్ట్ కొనివ్వమన్నాడు. పల్లీ పట్టీలూ అడిగాడు. పంపించాను, మధ్యాహ్నం భోజనంతోనే తినాలన్న షరతు మీద.