కొత్త బయాలజీ టీచరమ్మకు పెద్దమ్మ ఉత్తరం

తణుకు,
జూన్ 24

చిరంజీవి బుజ్జికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో సగం మాటలే వినపడ్డాయి. మీ పలమనేరు వైపు సిగ్నల్ సంగతి తెలిసిందేగా. విన్నంతలో నాకు అర్థమైంది చెప్తా, తప్పయితే దిద్దు. డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన సంతోషం రెండు వారాలకే ఆవిరైంది. బోర్డు మీద "కిరణజన్య సంయోగక్రియ" అని రాయగానే పిల్లలు బిక్కమొహం వేస్తున్నారు. నువ్వు చదివిందంతా ఇంగ్లీషు మీడియం కాబట్టి నీకూ ఆ మాట నోరు తిరగడం లేదు. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉన్నా "రెండు పక్కలా అర్థం కానివే మేడమ్" అని ఒకడు అన్నాడని నవ్వావు. ఆ పిల్లాడిని వదులుకోకు. క్లాసులో అందరూ అనుకుంటున్నది వాడొక్కడే బయటికి చెప్పాడు.

ముప్పై రెండేళ్ళు ఇదే సబ్జెక్టు చెప్పి రిటైరయ్యాను. మొదటి మూడు నాలుగేళ్ళు నేనూ నీలాగే చేశాను. కొత్త మాట బోర్డు మీద రాయడం, కింద అర్థం రాయడం, పదిసార్లు కాపీ చేయించడం. పరీక్షలో బాగానే రాసేవాళ్ళు. ఒకరోజు "రేపు పత్రరంధ్రాలు ఉన్న ఆకు తీసుకురండి" అన్నాను. మర్నాడు ఒక పిల్లాడు గొంగళిపురుగు తినేసిన ఆముదం ఆకు తెచ్చి, చిల్లులు చూపించి, "ఇందులో చాలా ఉన్నాయి టీచర్" అన్నాడు. క్లాసంతా నవ్వలేదు బుజ్జీ. అదీ నన్ను భయపెట్టింది. మిగతావాళ్ళూ అలాగే అనుకుంటున్నారన్నమాట! పత్రం అంటే ఆకు, రంధ్రం అంటే చిల్లు అని అర్థం చెప్పింది నేనే. వాడి తప్పేముంది?

ఆ వారమే గోళ్ళరంగు సీసా కొన్నాను. నున్నగా ఉండే ఆకు అడుగువైపు పల్చగా పూసి, బాగా ఆరాక సెల్లోటేపు అంటించి లాగితే ఆ పొర ఊడి వస్తుంది. దాన్ని గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూపించు. రెండు చిక్కుడు గింజలు ఎదురెదురుగా పెట్టినట్టు రక్షక కణాలు, వాటి మధ్య సన్నటి సందు కనపడతాయి. ఆ సందే పత్రరంధ్రం. ముందు అది చూడనీ. "ఇదేంటి మేడమ్?" అని వాళ్ళే అడుగుతారు. మాట అప్పుడు చెప్పు. వస్తువు ముందు, మాట తర్వాత. నేను చెప్పదలచుకున్న పెద్ద సంగతి ఇదే, మిగతావన్నీ దీని పిల్లలు.

నీ క్లాసులో కూర్చున్నవాళ్ళు రైతుల పిల్లలు. వాళ్ళ దగ్గర మాటలు లేక కాదు. పప్పు "బద్ద" అంటే వాళ్ళకు తెలుసు, పుస్తకం దాన్ని బీజదళం అంటుంది. శెనగలు నానబెట్టి పొట్టు తీయించు, రెండు బద్దలుగా విడిపోతుంది కాబట్టి ద్విదళబీజం. మొక్కజొన్న గింజను అలా విడదీయమను, రాదు. ఏకదళబీజం అన్న మాట ఇక నువ్వు చెప్పక్కర్లేదు, వాళ్ళే కట్టేస్తారు. ఆకులో "ఈనెలు" వాళ్ళకు తెలుసు. "పుప్పొడి" తెలుసు, దాన్నే పరాగరేణువులు అంటాం. బీర పాదు, గుమ్మడి పాదు ఉన్న ఇంటి పిల్లకు "పిందె ఉన్న పువ్వు", "మగ పువ్వు" తేడా నీకంటే బాగా తెలుసు. ఏకలింగ పుష్పాల పాఠం ఆ పిల్లచేత చెప్పించు, నువ్వు వెనక బెంచీలో కూర్చో.

మన వంటింటి లెక్క ఒక్కోసారి పుస్తకంతో కలవదు, అక్కడే మంచి పాఠం దొరుకుతుంది. తాలింపులోకి రెండు రెబ్బల కరివేపాకు తెమ్మంటే ఎన్ని ఆకులు తెచ్చినట్టు? పిల్లలు ముప్పై అంటారు, నలభై అంటారు. వృక్షశాస్త్రం ప్రకారం రెండే. రెబ్బ మొత్తం ఒక్క ఆకు, సంయుక్త పత్రం. మనం ఆకు అనుకునే చిన్న ముక్క పత్రకం. నమ్మకపోతే చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి మొగ్గ ఎక్కడుందో వెతకమను. రెబ్బ కొమ్మకు అంటుకున్న మూల దగ్గర ఉంటుంది, చిన్న ముక్కల దగ్గర ఉండదు. వేపాకూ అంతే. మారేడు దళంలో మూడు ఆకులు ఉన్నాయనుకుంటాం కదా, ఆ మూడూ కలిపి ఒక్క ఆకే.

ఇంకా గమ్మత్తైనది మీ సీమలోనే ఉంది. మీరు ఉర్లగడ్డ అంటారు, ఎర్రగడ్డ అంటారు, గెనుసుగడ్డ అంటారు. మాకు బంగాళాదుంప, ఉల్లిపాయ, చిలగడదుంప. మూడింటికీ "గడ్డ" అని ఒకే పేరు పెట్టారు గానీ మూడూ మూడు వేరువేరు భాగాలు. ఉర్లగడ్డ కాండం. దాని "కళ్ళు" మొగ్గలు, అందుకే కన్ను ఉన్న ముక్క నాటితే మొలుస్తుంది. ఎర్రగడ్డలో మనం తినే పొరలు ఆకుల అడుగు భాగాలు. గెనుసుగడ్డ మాత్రం నిజంగా వేరు. మూడూ బల్ల మీద పెట్టి, కోసి, కన్ను ఎక్కడుంది, పొర ఎక్కడుంది, పీచు ఎక్కడుంది అని ఒక పీరియడ్ మొత్తం గడిపెయ్. సిలబస్ అవ్వదని టెన్షన్ పడకు. ఆ ఒక్క పీరియడ్లో కాండం, వేరు, పత్రం, కణుపు, రూపాంతరం, అయిదు మాటలు వచ్చేస్తాయి. చివర్లో శెనక్కాయ చెట్టు ఒకటి పీకి తెప్పించి, "ఇది భూమిలో ఉంది కాబట్టి వేరా?" అని అడుగు. పువ్వు పైన పూసి ఊడ కిందికి దిగడం చూసిన పిల్లలు ఒప్పుకోరు, కాయే అంటారు. వాళ్ళదే రైటు.

కాయ అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. మన తెలుగులో పచ్చిది కాయ, పండితే పండు. పుస్తకంలో ఫలం అంటే అలా కాదు, పువ్వులోని అండాశయం ఎదిగి అయ్యేది. వంకాయ, బెండకాయ, మిరపకాయ అన్నీ ఫలాలే. మొదటిసారి చెప్పినప్పుడు పిల్లలు నమ్మరు.

ఇంటి మాట దారి తప్పించే చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. అన్నిటికంటే మోసకారి మాట "పురుగు". చీమ పురుగే, జెర్రి పురుగే, సాలీడు పురుగే. రాత్రిపూట పాము పేరు ఎత్తకూడదని "పురుగు ముట్టింది" అంటారు కాబట్టి పాము కూడా పురుగే! మా స్కూల్లో ఒక అమ్మాయి పామును కీటకాల జాబితాలో రాసింది. తప్పని గీత కొట్టేశాను, తర్వాత ఎందుకు రాసిందో అడిగితే ఆ అమ్మాయి చెప్పిన కారణం విని సిగ్గుపడ్డాను. అప్పటినుంచి కాళ్ళు లెక్కపెట్టించడం మొదలుపెట్టాను. ఆరు కాళ్ళుంటే, ఒళ్ళు తల, ఉరం, ఉదరం అని మూడు భాగాలుగా ఉంటే కీటకం. మీకు ఇప్పుడు ఆరుద్ర కార్తె, తొలి వానలకు ఎర్ర నేలల్లో మఖ్మల్ గుడ్డలాంటి ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. అరచేతిలో పెట్టుకుని లెక్కపెట్టమను. ఎదిగినదానికి ఎనిమిది కాళ్ళు. పేరులో పురుగు ఉన్నా అది కీటకం కాదు, సాలీడుకూ తేలుకూ చుట్టం. లెక్క అయ్యాక దొరికిన చోటే వదిలేయించు, అగ్గిపెట్టెల్లో పెట్టి చంపేస్తారు.

విసర్జన అనగానే క్లాసులో నవ్వులు వస్తాయి, అందరి బుర్రలోకీ వచ్చేది ఒకటే. నవ్వనీ. తర్వాత చెప్పు: అరగకుండా మిగిలింది బయటికి పోవడం వేరు, ఒంట్లో జరిగే రసాయన పనుల్లో తయారైన వ్యర్థాలను వడకట్టి పంపడం వేరు. మూత్రపిండాలు చేసేది రెండోది, పాఠంలో విసర్జన అంటే అది. తుమ్మ బంక, జిల్లేడు పాలు చూపిస్తే మొక్కల దగ్గరికీ పాఠం వెళ్తుంది. జిల్లేడు పాలు కళ్ళలో పడకుండా జాగ్రత్త, నువ్వే తుంచి దూరం నుంచి చూపించు.

శ్వాసక్రియ కూడా ఇలాంటిదే. ఊపిరి పీల్చి వదలడం అనుకుంటారు. అది ఉచ్ఛ్వాస నిశ్వాసాలు. శ్వాసక్రియ కణం లోపల ఆహారం నుంచి శక్తి తీసే పని. ఈ తేడా తెలియకపోతే "మొక్కలు పగలు కార్బన్ డయాక్సైడ్, రాత్రి ఆక్సిజన్ పీలుస్తాయి" అని తప్పుగా రాస్తారు. మొక్కకు శ్వాసక్రియ రాత్రీ పగలూ ఉంటుంది. పగలు కిరణజన్య సంయోగక్రియ దాన్ని మించిపోతుంది కాబట్టి ఆక్సిజన్ బయటికి రావడం మనకు తెలుస్తుంది, అంతే. పెద్ద తరగతుల్లో ఈ పాఠం చెప్పేటప్పుడు ఏటీపీ గురించి, అంటే కణం తన పనులకు శక్తిని అందుకునే పదార్థం గురించి, రెండు ముక్కలు చెప్పు. 1929లో దాన్ని గుర్తించినవాళ్ళలో ఒకరు ఎల్లాప్రగడ సుబ్బారావు గారు, మా భీమవరంలో పుట్టినాయన. ఇది చెప్పేటప్పుడు నేను కాస్త గర్వంగా చెప్పేదాన్ని, నువ్వూ చెప్పు, సగం నువ్వూ మా జిల్లా పిల్లవే.

ఒక సంగతి నాకు ఇరవై ఏళ్ళ సర్వీసు తర్వాత గానీ తట్టలేదు. పక్క పీరియడ్లో ఫిజిక్స్ సారు "పదార్థం కణాలతో తయారైంది" అని చెప్పి వెళ్తారు. నువ్వు వచ్చి "జీవులు కణాలతో తయారయ్యాయి" అంటావు. పిల్లలు రెండూ ఒకటే అనుకుంటారు! "టీచర్, కణ కేంద్రకంలో ప్రోటాన్లు ఎన్ని?" అని ఒకడు అడిగినప్పుడు గానీ నాకు వెలగలేదు. పరమాణువుకూ కేంద్రకమే, కణానికీ కేంద్రకమే. ఇంగ్లీషులో కణం సంగతిలో ఈ చిక్కు లేదు, తెలుగులో ఉంది. మొదటి రోజే చెప్పేసెయ్, మీ ఫిజిక్స్ సారుతోనూ ఒక మాట అను.

ఇక నోరు తిరగని పెద్ద మాటలు. వాటిని ముక్కలు చేసి చూపించు. కిరణం తెలుసు. జన్య అంటే పుట్టిన, జన్మ లాంటిదే. సంయోగం కలయిక, క్రియ పని. వెలుగు కిరణాల వల్ల నీరూ కార్బన్ డయాక్సైడూ కలిసి ఆహారం అయ్యే పని. విడదీస్తే ఆ మాట పాఠం మొత్తం తనే చెప్తుంది. ఉభయచరం, క్షీరదం, పత్రహరితం కూడా ఇలా విడతాయి. కానీ అన్నిటికీ ఈ మంత్రం వెయ్యకు. సరీసృపం, శిలీంధ్రం లాంటివి విడదీయబోతే సంస్కృతం క్లాసు అవుతుంది. బల్లినీ పామునీ తలుచుకుని, పుట్ట మీద పుట్టగొడుగు చూపించి, ఇదీ దాని పేరు అని చెప్పి ముందుకెళ్ళు. బాక్టీరియా, వైరస్, హార్మోన్, మైటోకాండ్రియా ఎలాగూ తెలుగు పుస్తకంలోనూ అలాగే ఉంటాయి, పట్టుబట్టి అనువాదం చేయకు. సూక్ష్మదర్శిని అన్నా మైక్రోస్కోప్ అన్నా నాకైతే ఒకటే. యూనిట్ టెస్టులో "బాష్పోత్సేకం" అని రాయలేక "ఆకుల్లోంచి నీరు ఆవిరి కావడం" అని రాసిన పిల్లకు నేను మార్కులు వేసేదాన్ని. పదో తరగతికి వచ్చేసరికి అసలు మాటే రాయాలని గట్టిగా చెప్పేదాన్ని, ఎందుకంటే అక్కడ దిద్దేది నేను కాదు.

పువ్వు భాగాలకు మందారం అందరూ వాడతారు, పెద్దది కాబట్టి. మన ఇళ్ళల్లో మందారానికి కాయ కాసేది అరుదు, పిల్లలు "కాయేది?" అంటే ఇబ్బంది. ఉమ్మెత్త కొయ్యడానికి బాగుంటుంది గానీ మొక్కంతా విషం, చేతులు నోట్లో పెట్టుకునే వయసు వాళ్ళకు వద్దు. బెండ పువ్వు తీసుకో. అదీ మందారం కుటుంబమే, గోంగూర, పత్తి కూడా. పొద్దున విచ్చుకుని సాయంత్రానికి వాడిపోతుంది కాబట్టి మొదటి పీరియడ్లోనే చెప్పాలి. రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు, కేసరాలు, అండకోశం అన్నీ వలిచి కాగితం మీద అంటించాక, పక్కన బెండకాయ అడ్డంగా కోసి పెట్టు. పువ్వు అడుగున చూసిన గదులే కాయలో కనపడతాయి.

శాస్త్రీయ నామాల పాఠం వచ్చినప్పుడు మాత్రం మీ ఇంటి కథే చెప్పు. మీ అమ్మ పెళ్ళయి అక్కడికి వచ్చిన కొత్తలో, "ఆనపకాయ తీసుకురండి, పులుసు పెడతా" అంది. మీ నాన్న సంచీడు అనపకాయలు తెచ్చాడు. మాకు ఆనపకాయ అంటే సొరకాయ, మీకు అనపకాయ అంటే చిక్కుడు జాతి. ఒక్క దీర్ఘం తేడా! ఆ పూట ఇద్దరూ మజ్జిగతో తిన్నారు. ఇలాంటి గొడవ లేకుండా 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ ఆయన తనకు తెలిసిన మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెట్టాడు. సొరకాయ లాజినేరియా సిసిరేరియా, మీ అనపకాయ లాబ్‌లాబ్ పర్‌ప్యూరియస్ అని ఇప్పుడు ఏ దేశంలో అడిగినా ఒక్కటే దొరుకుతుంది. బట్టీ పట్టించకు. ఎందుకు పుట్టాయో తెలిస్తే నాలుగు పేర్లు వాటంతటవే గుర్తుంటాయి.

నా పాత భూతద్దాలు నాలుగు బీరువాలో ఉన్నాయి, వచ్చే వారం పార్సిల్ చేయిస్తా. ఒకదాని పిడి ఊగుతుంది, దారం చుట్టుకో. సంక్రాంతికి వచ్చేటప్పుడు అనపకాయలు తీసుకురా. అవేంటో మీ పెదనాన్నకు ముందే చెప్పి ఉంచుతా, లేకపోతే పులుసు పెట్టమంటారు.

ఇట్లు,
మీ పెద్దమ్మ