ఘాట్‌లో బండి లాగకపోతే టర్బో మార్చాల్సిందేనా?

ప్రశ్న: మాది 2015 మోడల్ డీజిల్ కారు, 1.3 లీటర్ల టర్బో ఇంజిన్. ఊళ్లో తిరిగినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడో, హైవే మీద లారీని దాటాలని గట్టిగా తొక్కినప్పుడో మాత్రం ఒక్కసారిగా పికప్ చచ్చిపోతుంది. వెనక నల్లటి పొగ, ముందు ఇంజిన్ లైటు. పక్కకి ఆపి, ఆఫ్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. షెడ్‌లో టర్బో మార్చాల్సిందే అంటున్నారు. మార్చేయమంటారా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఇప్పుడే వద్దండీ. మీరు రాసినవాటిలో అసలైన ఆధారం నల్ల పొగ. డీజిల్ ఇంజిన్‌లో అది కనిపిస్తే చాలావరకు డీజిల్ అందుతోంది గానీ అది కాలడానికి సరిపడా గాలి అందడం లేదన్నమాట. పొగ లేకుండా బండి చతికిలబడి ఉంటే ముందు డీజిల్ ఫిల్టర్ చూడమనేవాణ్ని.

మెల్లగా వెళ్లేటప్పుడు టర్బోతో పెద్దగా పని ఉండదు, గట్టిగా తొక్కినప్పుడే అది గాలిని ఒత్తి పంపాలి, ఆ దారిలో ఎక్కడైనా గాలి లీకైతే కావాల్సిన ప్రెషర్ రావట్లేదని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పసిగట్టి, ఇంజిన్ దెబ్బతినకుండా పవర్ కోసేస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే పవర్ వస్తుంది గానీ తేడా ఏంటో చెప్పే కోడ్ ఈసీయూ మెమరీలో ఉంటుంది, కాబట్టి దాన్ని చదివే స్కానర్ పెట్టేదాకా బ్యాటరీ వైరు తీయనివ్వకండి. పీ0299 వస్తే టర్బో ప్రెషర్ తక్కువగా ఉందని మాత్రమే అర్థం. టర్బో పోయిందని కాదు! ఈ తేడా తెలియకే ఎంతోమంది వేలకు వేలు పోసి, పాత జబ్బుతోనే బండి ఇంటికి తెచ్చుకుంటున్నారు.

టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచేది), అక్కడి నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు పైపుల్ని విప్పించి చూడండి. పైనుంచి శుభ్రంగానే కనిపిస్తాయి, చీలిక సాధారణంగా అడుగువైపు, క్లాంప్ బిగించిన చోట ఉంటుంది. చేత్తో వంచితే నోరు తెరుచుకుంటుంది, చుట్టూ నూనె జిడ్డుకి దుమ్ము అంటుకుని నల్లటి మచ్చ కడుతుంది. (లోపల పల్చగా నూనె తడి ఉంటే కంగారు పడకండి, అది మామూలే.) దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, టర్బో యాక్చుయేటర్‌కి (టర్బో ప్రెషర్‌ని అదుపు చేసేది) వెళ్లే సన్నటి పైపు చీలడం, మూసుకోకుండా ఇరుక్కున్న ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) కూడా ఇదే ఇబ్బంది తెస్తాయి.

ఇవన్నీ బాగుంటే స్కానర్ పెట్టుకుని బండిని రోడ్డు మీదికి తీసుకెళ్లమనండి. షెడ్‌లో నిలబెట్టి రేజ్ చేస్తే ఏమీ తెలియదు, లోడ్ పడాలి. ఐడిల్‌లో మ్యాప్ సెన్సార్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ప్రెషర్ కొలిచేది) సుమారు 1000 మిల్లీబార్లు చూపిస్తుంది, మూడో గేర్లో పూర్తిగా తొక్కితే మీ ఇంజిన్‌లో అది దాదాపు రెట్టింపు కావాలి. రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి వెళ్లే డీజిల్ ప్రెషర్) కూడా చూడమనండి, ఈసీయూ అడిగినదానికంటే బాగా పడిపోతుంటే తేడా డీజిల్ వైపు ఉంది. ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే అది క్లచ్, వేరే కథ.

అంతా చూశాక టర్బోనే అని తేలితే, దాని షాఫ్ట్ ముందుకూ వెనక్కూ ఆడుతోందేమో మీ కళ్లెదుటే చూపించమనండి. పక్కలకి కొద్దిగా కదిలితే ఫర్వాలేదు. కొత్తది బిగించేముందు దానికి ఆయిల్ తెచ్చే పైపు కూడా మార్పించండి, అది మడ్డి పట్టి ఉంటే కొత్త టర్బో కూడా కాలిపోతుంది. ఈలోపు మాత్రం ఘాట్‌లో ఓవర్‌టేక్ జోలికి పోవద్దు.